వెర్లీన్ కూర్చున్న కుర్చీ

వెర్లీన్‌కు భయం ఉగ్గుపాలతోనే అబ్బింది. కుక్కంటే భయం, పోలీసు కారంటే భయం, తెల్లవాళ్ళ వీధిలో తలెత్తాలంటే మరీ భయం. అలాంటి నల్లపిల్ల, ఆ అలబామా ఊళ్ళో తెల్లవాళ్ళకు మాత్రమే కాఫీ పోసే కొట్లోకి వెళ్ళి నిరసనగా కూర్చుంటానని కాలేజీ స్నేహితులకు మాటిచ్చిందంటే ఎవరు నమ్ముతారు?

వారమంతా చర్చి కింది గదిలో తర్ఫీదు. తోటి విద్యార్థి హార్మన్ తెల్లవాడిలా నటిస్తూ ఆమె మొహాన సిగరెట్ పొగ ఊదేవాడు, జుట్టు పట్టి లాగేవాడు.

"ఏం తిట్టినా, ఏం పోసినా లేవకూడదు. ఒక్కరు లేచారా, అందరం చెదిరిపోతాం," అన్నాడు.

"లాగుతున్నావా, దువ్వుతున్నావా? అసలువాళ్ళు ఇంత ముద్దుగా లాగర్లే!" అంది వెర్లీన్.

అందరూ నవ్వారు.

శనివారం వెర్లీన్‌తో కలిపి నలుగురు వెళ్ళి కొట్లో కూర్చున్నారు. వెనకనుంచి ఎవడో ఆమె మెడ మీద చల్లటి పాలు ఒంపాడు. కదల్లేదు. అంతలో పక్క కుర్చీలో క్లేటన్ దొర వచ్చి కూర్చున్నాడు. వెర్లీన్‌ను పెంచిన అమ్మమ్మ ఓజెల్లా ఏళ్ళ తరబడి ఇస్త్రీ చేస్తున్నది ఆయన ఇంట్లోనే. ఆయన అరవలేదు, తిట్టలేదు.

"నువ్వు ఓజెల్లా మనవరాలివి కదూ? ముసల్ది ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది, పాపం. బుద్ధిగా లేచి ఇంటికి పో. సోమవారం కూడా దానికి పనుంటుంది."

అయ్యో, ఈ మాటకు తర్ఫీదు ఎవరిచ్చారు! వెర్లీన్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. లేస్తే స్నేహితులు చెదిరిపోతారు, లేవకపోతే అమ్మమ్మ నోటి దగ్గర కూడు పోతుంది. రెండు చేతులతో కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. ఆయన కాసేపు చూసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆమె ఇల్లు చేరేసరికి అమ్మమ్మ గుమ్మం ముందు బల్ల మీద కూర్చుని ఉంది.

"పంపించేశారే," అంది.

వెర్లీన్ బావురుమంది. "నావల్లే అమ్మమ్మా! కొట్టు నన్ను!"

"ఏడుపు తర్వాత. దొర పొమ్మంటే లేచావా?"

"లేవలేదు. భయానికి కాళ్ళు రాలేదేమో కూడా."

ముసలామె కాయలు కాసిన తన అరచేతులు చూసుకుంది. "ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఒక్కపూటైనా కూర్చుని ఎరగనే నేను," అంది.

వీధి చివర ఒక కారు నెమ్మదించింది. తెల్లవాళ్ళ కారు. ఇటే తిరిగింది.

"లోపలికి పోదాం అమ్మమ్మా, నాకు భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉందే," అంది ఓజెల్లా, మనవరాలి చెయ్యి పట్టుకుని. "కూర్చో."