పదకొండు ఖాళీ అట్టలు

నా చిన్నప్పుడు దేశం తరఫున ఆడే క్రికెట్ జట్టంతా మా ఇంట్లోనే, మా తాతయ్య మగ్గం పక్కనున్న రేకు డబ్బాలో ఉండేది. నవ్వకండి. ఆ జట్టును పోగుచెయ్యడానికి నేనూ, మా ఇంట్లో కిరాయికుండే గుంటూరు వాళ్లమ్మాయీ పడ్డ పాట్లు జట్టును ఎంపిక చేసిన పెద్దమనుషులు కూడా పడి ఉండరు.

అప్పటి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇళ్లకంటే ఖాళీ జాగాలే ఎక్కువ. పోచంపల్లి దగ్గరి ఊరి నుంచి మగ్గంతో సహా వచ్చేసిన మా తాతయ్య ముందు గదిలోనే చీరలు నేసేవాడు. తెలంగాణ కోసం మొదటిసారి పట్నమంతా అట్టుడికిన ఏడాది అది. బడులు మూతపడ్డాయి. బయటికెళ్లిన మనిషి ఇల్లు చేరేదాకా పెద్దవాళ్లు పరేషాన్ అవుతుంటే, మాకు మాత్రం పొద్దస్తమానం సెలవే.

డబ్బులిచ్చి కొనుక్కునే బొమ్మల కార్డులు మాకెక్కడివి? పాత పేపర్లలోంచి ఆటగాళ్ల ఫోటోలు కత్తిరించి, చీరల డబ్బాల అట్టల మీద అంటించేవాళ్లం. తాతయ్య నూలుకు పట్టించే గంజే మా జిగురు. జుట్టు కత్తిరించే హజామత్ దుకాణంలో పడేసిన వారపత్రికలో ఓపెనర్ దొరికాడు. కిరాణా కొట్టు పొట్లంలో స్పిన్నర్ దొరికాడు. వికెట్ కీపర్ ఒక్కడు మాత్రం మహా మొండివాడు, ఎంత వెతికినా చిక్కలేదు. చివరికి ఒకరోజు మా అమ్మ చింతపండు పొట్లం విప్పుతుంటే ఆ కాగితం మీద, చేతులకు గ్లవ్స్ తొడుక్కుని, వంగి, సరిగ్గా నావైపే చూస్తున్నాడు! నేను పెట్టిన కేకకు అమ్మ చేతిలోని చింతపండు కాస్తా కింద పడింది. “దొరికిండే! దొరికిండు!” అంటూ గుంటూరు వాళ్లుండే పక్క గదిలోకి పరిగెత్తాను. ఇద్దరం చేతులు పట్టుకుని కళ్లు తిరిగేదాకా గిరగిరా తిరిగాం.

తాతయ్య మగ్గం ఆపి, పదకొండు మందినీ వరుసగా పరిచి చూశాడు. ఆయనకు క్రికెట్ ఒక్క ముక్క తెలియదు. “మంచిగున్నరు బిడ్డా. మరి వీళ్లు ఎవలతోని ఆడుతరు?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు మేం పొట్ట పట్టుకుని నవ్వాం.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. గొడవలు సద్దుమణిగేదాకా తల్లినీ పిల్లనీ ఊరికి పంపించేస్తానని ఆ సాయంత్రమే వాళ్ల నాన్న చెప్పాడు. తెల్లారితే బస్సు. ఇద్దరికీ ముందుగా తట్టింది ఒకటే, మరి జట్టు ఎవరికి? ఆరుగురు నీకు, ఐదుగురు నాకు అనుకున్నాం. కానీ కీపర్ దగ్గర చిక్కొచ్చి పడింది. మా అమ్మ పొట్లంలో దొరికాడు గనక నావాడేనన్నాను. “కత్తిరించి అంటించింది నేను కదటే!” అంది అది. మాటా మాటా పెరిగి, అప్పటిదాకా మా మధ్యకు రాని ‘మీరు’, ‘మేము’ అనే మాటలు వీధిలోంచి మా నోళ్లలోకి వచ్చేశాయి. ఇద్దరం ఏడ్చాం.

తాతయ్య మగ్గం మీంచి లేచి వచ్చాడు. డబ్బా తీసుకుని, “పంపకం నేను జేస్త. పొద్దుగాల ఇస్త, పోయి పండుకోండ్రి” అన్నాడు.

పొద్దున చెరొక గుడ్డ మూట ఇచ్చాడు. రంగులో ముంచే ముందు నూలు పోగులకు పాత సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీలు చుట్టి కడతారు చూడండి, అలాగే బిగించి కట్టాడు. ఆ కట్టును తొందరపడి విప్పితే రంగు చెడుతుందని మా ఇంట్లో పాకే పిల్లలకు కూడా తెలుసు. బస్సు కదిలాకే విప్పాలన్నాడు.

ఇప్పుడు ఎల్‌బీ నగర్ అంటున్న చోట, విజయవాడ రోడ్డు మీద వాళ్లు బస్సెక్కారు. బస్సు కదలగానే ఆత్రంగా పట్టీ లాగాను. పదకొండు అట్టలు. కొలిచి కోసినట్టు అన్నీ ఒక్క సైజువే. ఒక్కదాని మీదా బొమ్మ లేదు! తలెత్తితే, కిటికీలో అది జట్టు మొత్తాన్నీ చేతిలో పట్టుకుని నోరు తెరిచి చూస్తోంది. వెనక్కిచ్చేద్దామని చెయ్యి బయటికి చాపింది కూడా. బస్సు ఆగలేదు.

ఏడుపూ కోపమూ కలిసి తాతయ్య మీదికి దూకాను. ఆయన తాపీగా నా ముక్కు తుడిచి అన్నాడు: “సగం జట్టు ఆమేం జేసుకుంటది? సగం నువ్వేం జేసుకుంటవు? ఒక జట్టు ఆమె పట్కపోయింది. ఇగ దాంతోని ఆడెటోళ్లను నువ్వు తయారుజెయ్యి.”

నా ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఎదుటి జట్టు! ఇల్లు చేరీ చేరకముందే పొట్లాల వేట మొదలుపెట్టాను. పరదేశపు ఆటగాడు ఒక్కొక్కడు దొరికినప్పుడల్లా, అది వచ్చాక దీన్ని చూసి ఎంత కుళ్లుకుంటుందో అనుకుని ఒక్కదాన్నే గంతులేసేదాన్ని. బడులు తెరిచాక వాళ్లు తిరిగొచ్చారు. రిక్షా ఆగకముందే దూకేసి, “ఏదే నీ టీము?” అని అరిచింది. మగ్గం గదిలో ఇరవై రెండు మందినీ పరిచి, చింతగింజ బంతితో ఆడాం. తాతయ్యే అంపైరు. ఎవరు అరిచినా వేలెత్తేసేవాడు.

తెలంగాణ వచ్చిన రోజున మా వీధిలో పటాకులు పేలుతుంటే విజయవాడ నుంచి దాని ఫోన్. నా సంతోషాన్ని దానికెట్లా చెప్పాలో తెలియక తడబడ్డాను. అదే అంది, “ఏమే, మీ తాతయ్య పంపకమేగా ఇది? టాస్ ఎవరేస్తారు మరి?” ఇద్దరం నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాం.

తాతయ్య లేడు, మగ్గమూ లేదు. కానీ బతుకు నా చేతికి ఖాళీ అట్టలిచ్చిన ప్రతిసారీ, ముక్కు తుడుచుకుని జిగురుకు గంజి కాచుకోవడం నాకు అలవాటైపోయింది.