ఇంట్లోకి వచ్చిన తాబేలు

ఆ రోజుల్లో, అంటే కంప్యూటర్‌ను టీవీకి తగిలించుకుని వాడే రోజుల్లో, మా మైపాడులో నాకున్నంత కోపం సముద్రానికి కూడా ఉండేది కాదు. అందుకు కారణం ఒక తాబేలు. మా మామ మద్రాసు నుంచి ఒక చిన్న కంప్యూటర్, దాన్ని నేర్పే పుస్తకం తెచ్చి, "ఆదివారం లోపల మీ అక్కకి ప్రోగ్రాం రాయడం నేర్పినావంటే ఇది మీకే. లేకుంటే ఎత్తుకుపోతా" అన్నాడు. దాంతోపాటు ప్రోగ్రాం రాసే భాషలు రెండు వచ్చాయి. మామ బేసిక్ నేర్పమన్నాడు. ప్రతి వాక్యానికీ ముందు అంకె వేసి రాయాల్సిన ఆ భాషను చూస్తేనే అక్కకు ఆవలింతలు వచ్చాయి. నేను లోగో ఎంచుకున్నాను. అందులో తెర మధ్య ఒక తాబేలు బొమ్మ ఉంటుంది. పొమ్మంటే గీత గీస్తూ పోతుంది, తిరగమంటే తిరుగుతుంది (మా ఇంట్లో నా మాట విన్న మొదటి ప్రాణి అదే). కాసేపటికే అక్క సొంతంగా ఒక చతురస్రం గీసి, సంతోషం పట్టలేక కేక పెట్టింది: "అవ్వా, మనింట్లోకి తాబేలొచ్చింది!"

తాబేలు గడప తొక్కితే ఇల్లు పాడవుతుందని నమ్మే అవ్వ, చేపల తట్ట వాకిట్లోనే పడేసి పరుగున వచ్చింది. "వలలో పడితేనే పసుపూ కుంకుమా పెట్టి సముద్రానికి సాగనంపుతామే, నువ్వు కొంపలోకి తెచ్చినావంట్రా!" అంటూ నన్ను తిట్టి, టీవీ అద్దానికే బొట్టు పెట్టింది. "ఊఁ, తోలెయ్ దాన్ని."

"అది బొమ్మ అవ్వా!"

"బొమ్మయితే ఎట్టా నడిచిందిరా?"

పళ్ళు కొరుక్కుంటూ, బాగా దూరం పొమ్మని దానికి ఆజ్ఞ కొట్టాను. తాబేలు కుడి అంచు దాటి మాయమైంది. అవ్వ చేతులు జోడించింది. ఆ చేతులు దించకముందే అది ఎడమ అంచులోంచి తాపీగా లోపలికి వచ్చింది (ఆ భాషలో తెర అంతే, ఇటు పోతే అటు తేలుతుంది).

"మళ్ళా వచ్చేసిందే!" అని అవ్వ గుండెలు బాదుకుంది. తోలిన కొద్దీ వచ్చింది. ఆదివారం దాకా ఆగకుండానే మామ వైర్లు పీకి చుట్టేశాడు. "బేసిక్ చెప్పమన్నానా లేదా? దాంట్లో తాబేళ్ళు ఉండవు" అన్నాడు. ఆ మాటకు నేను మామ మీద, అవ్వ మీద, లోగో కనిపెట్టినవాళ్ళ మీద అరిచి, అన్నం మానేశాను. అక్క మాత్రం ఇసుకలో పుల్లతో చతురస్రాలు గీసుకుంటూ కూర్చుంది. అది చూసి ఇంకా మండింది.

తాబేలును కనబడకుండా చేసే ఆజ్ఞ ఒకటి ఉందనీ, అది రెండే అక్షరాలనీ చాలా ఏళ్ళకు తెలిసింది. కోపం మళ్ళీ మొదటినుంచీ వచ్చింది.

ఈమధ్య మా తీరంలో తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంటే పత్రికకు వార్త రాయడానికి వెళ్ళాను. ఒక పిల్ల తడబడుతూ నీళ్ళ దాకా పోయింది. అల దాన్ని తెచ్చి నా కాళ్ళ దగ్గరే పడేసింది. "మళ్ళా వచ్చేసిందే!" అన్నాను, అచ్చం అవ్వ గొంతుతో. కోపంగా ఉండాలనే చూశాను. కుదరలేదు.