విడి బస్తాల ధర

నిన్న సైటులో గడ్డకట్టిన సిమెంటు బస్తా మీద మేస్త్రి సుత్తితో కొట్టాడు. ఆ మొద్దు చప్పుడు నాకు పాతదే. చిన్నప్పుడు రెడ్డిగూడెంలో మా నాన్న అలాగే కొట్టి కొట్టి, చివరికి సుత్తి పక్కన పడేసి ఏడ్చాడు. అప్పుడే మా పాకకి వచ్చారు సువార్తమ్మ టీచరుగారు. మా బడిలో లెక్కలు చెప్పేవారు. నన్ను మనిషిని చేసింది ఆవిడే.

మేముండేది మామిడితోటలో కావలి పాక. కోతలవగానే ఖాళీ చెయ్యమని తోట యజమాని చెప్పేశాడు. కాలనీలో మా ఇంటికి గోడలు లేచాయి గానీ శ్లాబు లేదు. చేతిలో డబ్బుంటే ఖర్చయిపోతుందని, కూలి వచ్చినప్పుడల్లా నాన్న ఒక్కో బస్తా కొని ఆటోలో తెచ్చి దాచాడు. మా వాళ్లందరూ చేసే పనే అది. పాక నేల చెమ్మకి బస్తాలన్నీ రాళ్లయిపోయాయి.

"సిమెంటు రేటు మండిపోతోందండీ. మాలాంటోళ్లకి ఇల్లెక్కడిదండీ?" అన్నాడు నాన్న.

టీచరుగారికి కోపం వచ్చింది. "ఫ్యాక్టరీ నుంచి విజయవాడ, అక్కణ్ణుంచి నూజివీడు, ఆ తర్వాత మన ఊరి కొట్టు. దిగిన ప్రతిచోటా ఒకరి లాభం, ఒక దింపుడు కూలి. ఆఖర్న నీ ఆటో కిరాయి. లోడు కొనే కాంట్రాక్టరు కంటే బస్తా కొనే నువ్వే ఎక్కువ ఇస్తున్నావయ్యా! పైగా ఈ సీజన్లో లారీలన్నీ మామిడికే పోతాయి." అంతలోనే ఏదో తట్టి, "హైదరాబాదులో కాయ దించి అవి ఖాళీగానే వస్తున్నాయిగా? దారిలో జగ్గయ్యపేట దగ్గరే ఫ్యాక్టరీలు" అన్నారు.

కోత కూలి అందరికీ అందిన వారమే, శ్లాబు ఆగిపోయిన ఆరిళ్లవాళ్లనీ చర్చి వరండాలో కూర్చోబెట్టి ఒకే లోడుకి ఒప్పించారు. లారీ డ్రైవరు మాత్రం ససేమిరా అన్నాడు. "బండిలో సిమెంటు దుమ్ముంటే రేపు కాయ పాడవుతుంది. మా ఓనరు నన్ను బతకనివ్వడండీ."

"కడిగిస్తాం. మరక కనిపిస్తే ఇంకెప్పుడూ అడగం" అన్నారు టీచరుగారు.

అన్నట్టే లోడు దిగగానే చీర కుచ్చిళ్లు దోపుకుని ముందు ఆవిడే లారీ ఎక్కారు. మా అమ్మావాళ్లు బిందెలతో నీళ్లందించారు. "మీ ఇల్లు కాదుగా టీచరుగారూ, మీకెందుకండీ?" అన్నాను. "ప్రశ్నలు తర్వాత, ముందు చీపురు పట్టు" అని కసిరారు. డ్రైవరు బండంతా చేత్తో తడిమి చూసి, ఇంకో ట్రిప్పు కావాలంటే చెప్పమన్నాడు. పాక ఖాళీ చేసే లోపే మా శ్లాబు పడింది.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. నేనిప్పుడు ఇళ్ల పనులు చూసే ఇంజనీరుని. "రేటు తగ్గాక కడతాంలెండి" అని ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది. మీ వీధిలో ఇంకెవరు కడుతున్నారని అడుగుతాను. తెలియదంటే వాళ్లని వెంటబెట్టుకుని నేనే తలుపులు కొడతాను. ఈవిడకేం పనిలేదా అని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. విసుక్కోనీ, నేను మానను. మా శ్లాబు పడిన ఏడు తొలి వానకి అమ్మ మా కొత్త ఇంటి మధ్యలో నిలబడి, ఎక్కడో ఓ చోట కారకపోతుందా అని చాలాసేపు అరచెయ్యి చాచి ఉంచింది. చెయ్యి పొడిగానే ఉంది. అయినా దించలేదు.