అత్త తోమిన పాచి గోడ

తొంభైలు మొదలైన కొత్తలో మా ఆయన బోథ్‌లో ఉన్న తన అక్కను చూసి వస్తూ ఒక టిఫిన్ డబ్బా తెచ్చాడు. నువ్వుల లడ్డూలు అనుకుని మూత తీశాను. నిండా పాచి! ఆ ఊరి వాగులోదట.

"వాగుల పాచిని గింత దూరం మోసుకొస్తరా ఎవరన్నా?"

"జర ఆగు. చేపల పెట్టెల గోడ పెంచుదాం" అన్నాడు.

కరీంనగర్‌లో మా ఇంట్లో అద్దాల పెట్టె ఒకటి ఉండేది. అందులో రంగుతోకల చిన్న చేపలు. అవి గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. కానీ ఒక్క పిల్లా మాకు దక్కలేదు. పెద్ద చేపలే తింటాయనీ, దాక్కునే పచ్చదనం ఉంటే బతుకుతాయనీ ఎవరో ఆయనకు చెప్పారట. మా అత్త నమ్మలేదు.

"కన్నది తింటదారా? పిల్లి ఎత్తుకపోయిందేమో సూడు."

"నీళ్లల్ల మునిగి ఎత్తుకపోయిందా అవ్వా?" అని మా ఆయన తల్లిని ఆటపట్టించాడు.

దోమల జాలి రెండు ముక్కలు కత్తిరించాం. ఒకదాని మీద పాచిని పలుచగా పరిచి, రెండోది కప్పి, అంచులు నేను కుట్టాను. మామూలు దారం నీళ్లలో కుళ్లుతుందని గాలం దారం తెచ్చిచ్చాడు. దాన్ని వెనక అద్దానికి ఆనించి నిలబెట్టాం. ఎండాకాలం పాచి సగం మాడి గోధుమరంగుకు తిరిగింది. పెట్టె చుట్టూ తడి గోనె కట్టి కాపాడాం. వానలు పడ్డాక చూస్తే జాలి కళ్లలోంచి పచ్చటి పోగులు బయటికి వచ్చాయి! దసరా నాటికి జాలి కనబడనే లేదు. ఒక చేప కడుపు కూడా ఉబ్బింది. ఈసారైనా పిల్లలు దక్కుతాయని మా ఆయన పొద్దున లేవగానే పెట్టె ముందే కూర్చునేవాడు.

మా అత్తకేమో పాచి అంటే పగ. ఒకప్పుడు దాని మీద జారి తుంటి విరిగి మంచాన పడింది. ఇంటి వెనక నీళ్ల హౌజును కొబ్బరిపీచుతో తానే తోముతుంది, ఎవరినీ నమ్మదు.

దసరా పొద్దున మా ఇంట్లో ప్రతి పనిముట్టునూ కడిగి బొట్టు పెడతాం. కుట్టుమిషన్, సైకిల్, రోలు, ఏదీ వదలం. మా ఆయన తను పనిచేసే బస్సు డిపోలో పూజకు వెళ్లాడు. నేను గారెలు వేస్తూ చేపల పెట్టె వైపు తొంగిచూశాను. జాలి తెల్లగా మెరుస్తోంది! అత్త దాన్ని బయటికి తీసి, కుట్లు తెంపి పాచంతా దులిపేసి, చింతపండు, బూడిద వేసి తోమి, కడిగి మళ్లీ నిలబెట్టింది. అద్దం మీద పసుపు బొట్లు.

"అత్తా, ఏం జేసినవే!"

"పండుగపూట గంత మురికి ఉంచుతరానే పిల్లా? నా కొడుకు పెట్టె సుత తళతళ మెరవాలె గదా."

గారెలు మాడుతున్న వాసనకు పొయ్యి దగ్గరికి పరుగెత్తాను.

మా ఆయన వచ్చి చూసి, తెల్లటి జాలిని వేలితో తడిమాడు. "ఇయ్యాలనో రేపో కంటదే అవ్వా అది" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే కనడం మొదలుపెట్టింది. అత్త కళ్లద్దాలు పెట్టుకుని వంగింది. సేమియా ముక్కంత పిల్ల బయటపడి, ముడుచుకున్న ఒళ్లు విప్పుకుంది. తల్లి చేప గిర్రున తిరిగి మింగేసింది.

"అయ్యో! గది దాని పిల్లే గదరా!" అత్త అద్దం మీద కొట్టింది. ఇంకో పిల్ల పడింది. దాన్నీ మింగింది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తుంటి ఈడ్చుకుంటూ పెరట్లోకి పోయింది. చూడలేక వెళ్లిపోయిందనుకున్నాం.

దోసిట్లో నీళ్లోడుతున్న పచ్చటి పాచితో తిరిగొచ్చింది. హౌజు వెనక, పీచు అందని మూలలోది.

"ఏం సూస్తున్నవ్ కొడుకా? ఎయ్ జల్ది!"

మా ఆయన ఆ పాచిని అందుకున్నాడు. గబగబా పెట్టెలో వేశాడు. తర్వాత పుట్టిన పిల్లలు అందులోకి దూరి దాక్కున్నాయి. అత్త గారెలు ముట్టకుండా అక్కడే కూర్చుని, తల్లి చేపను తిడుతూనే ఉంది.

ఓ వారం తర్వాత నేను హౌజు తోముతూ వెనక మూలకు చెయ్యి చాపాను.

"గది ముట్టకు!" అని వాకిట్లోంచి అరిచింది అత్త. "పిల్లలకు కావాలె."