మత్తు వేరు, నొప్పి వేరు అని చెప్పిన మావయ్యకి

నిన్న పొద్దున కాలనీ గ్రూప్‌లో డాక్టర్ మావయ్య నవ్వుతున్న ఫోటో కనిపించింది.

హాస్పిటల్ నుంచి డిశ్చార్జ్ అయ్యారనుకుని చప్పట్ల ఎమోజీ పెట్టేశాను.

ఆ తర్వాత ఫోటో కింద రాసిన 'ఓం శాంతి' చదివాను.

ఎమోజీ డిలీట్ చేశాను.

ఆయన నా సొంత మేనమామ కాదు. బిలాస్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ వెనక వీధి. పశువుల డాక్టర్. మోప్కా రోడ్డులో ఒక్క గది క్లినిక్. మేకొచ్చినా కుక్కొచ్చినా "ఏటమ్మా, ఏటైనాది?" అని ముందు పేషెంట్‌నే అడిగేవారు. ఓనర్‌ని తర్వాత.

మా కుక్క రాజా కాలి మీద గడ్డ తీయాలన్నారు. ఆ పొద్దున కడుపు ఖాళీగా ఉండాలన్నారు.

కానీ మా ఇంట్లో దేవుడికి చెప్పకుండా ఆపరేషనా? నాన్నమ్మ రవ్వ ప్రసాదం చేసి, నైవేద్యం పెట్టి, పేషెంట్‌కి రెండు ముద్దలు తినిపించింది. బీఎస్సీ జువాలజీ చదివిన నేను పక్కనే నిలబడి భక్తిగా దండం పెట్టాను.

మావయ్య ఆపరేషన్ వాయిదా వేశారు.

"మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోద్దిరా! అది ప్రసాదమని ఊపిరితిత్తులకి తెలుస్తాదేటి?"

మర్నాడు మొదటి ఇంజెక్షన్‌కే రాజా కాళ్లు చాపి పడుకున్నాడు.

"రెడీ మావయ్యా, కోసేయండి" అన్నాను.

"అచ్ఛా, కోసేయాలా? ఆడు పడుకున్నాడు గానీ నొప్పి పోనేదురా. మత్తు ఏరు, నొప్పి ఏరు. నొప్పికి ఏరే మందుంది."

ఆ మందూ ఇచ్చి, గడ్డ చుట్టూ తిమ్మిరెక్కించి, అప్పుడు కత్తి పట్టుకున్నారు.

అంతా అయ్యాక నన్ను రాజా పక్కన కూర్చోబెట్టారు. "అరవట్నేదని ఒదిలీకు. కళ్లు బిగిస్తాడు, పంజా ముడుస్తాడు, ఊపిరి ఎగపీలుస్తాడు. నోరు నేనోడు అలాగే చెప్తాడు. కనపడితే నన్ను పిలు."

మొన్న సాయంత్రం హాస్పిటల్‌కి వెళ్లాను.

మావయ్య కదలకుండా పడుకుని ఉన్నారు. కళ్లు గట్టిగా మూసుకుని. దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుని. ఊపిరి గబగబా.

"నర్సుని పిలవాలేటిరా?" అని అత్తయ్య అడిగింది.

"వద్దత్తయ్యా, ఇన్నాళ్లకి హాయిగా పడుకున్నారు. లేపితే మనకే ఇంజెక్షన్ పొడుస్తారు" అన్నాను.

అత్తయ్య నవ్వింది. నర్సుని పిలవలేదు.

నిన్న వాళ్లింట్లో ఆవిడ ఒకటే మాట. "ఆ పిడికిలి చూసినానర్రా. పిలవాల్సింది."

అందరూ ఓదార్చారు. నేను ఆ గదిలోనే ఉన్నాను. నోరు తెరవలేదు.

అత్తయ్యా, మీరు చదువుతారనే ఇక్కడ రాస్తున్నాను. మీరు పిలవాలా అని అడిగారు. వద్దన్నది నేను. రేపు పొద్దున వచ్చి మీ ఎదురుగా కూడా చెప్తాను.

మావయ్యా, వెళ్లిరండి.

హాయిగా నిద్రపోండి అనే మాట ఇంక నా నోటికి రాదు. ఎక్కడున్నా మీ పిడికిలి విప్పి ఉండాలి. అంతే.