పడని ముద్ర

నూకాలమ్మ ఏది ముట్టుకోబోయినా ముందు బొటనవేలిని చీరకొంగుకి రుద్దుతుంది. రేషన్ మిషను దగ్గర పట్టుకున్న అలవాటు. ఎంత రుద్దినా అక్కడ ముద్ర పడదు. రాజోలు కాలవగట్టున పుట్టింది, ఆ గట్టునే కాపరానికొచ్చింది, చిన్నప్పట్నుంచీ కొబ్బరిపీచుతో తాడు పేనుతోంది. వేళ్ళ కొసలు గులకరాళ్ళలా నున్నగా అయిపోయాయి.

మొన్నటి గోదారి వరదకి పీచు నానేసే గోతులు మునిగి, చాలాకాలం ఊళ్ళో ఎవరూ తాడు పేనలేదు. నీళ్ళు తీసినా పని ఇంకా మొదలవని రోజుల్లో కొబ్బరి వ్యాపారి కొండలరావుని అతని కొట్టులోనే ఎవరో చంపేసేరు. శవం పక్కన టార్చిలైటు. దాని మీద ఒక బొటనవేలి ముద్ర, గీత గీతా తెలిసేలా.

పోలీసులు ముందు చుట్టాల్నీ, లారీవాళ్ళనీ పట్టుకున్నారు. తాళ్ళు పేనేవాళ్ళ దాకా వచ్చేసరికి పని మళ్ళీ మొదలైపోయింది. అందరి ముద్రలూ తీసేరు. ఒక్కటీ కలవలేదు. ఇద్దరివి అసలు పడనేలేదు. నూకాలమ్మవి, ఆమె మొగుడు అంజిబాబువి.

"ఏంటమ్మా, వేళ్ళు ఇస్త్రీ చేయించేవా?" అన్నాడు కానిస్టేబులు.

"పీచు తినేసిందండీ."

ఎస్సై నవ్వలేదు. "నెల్లాళ్ళు తాడు ముట్టుకోకండి ఇద్దరూ. గీతలు వాటంతటవే వస్తాయి. అప్పుడు మళ్ళీ తీస్తాం."

"ఆయ్," అంది నూకాలమ్మ. అంజిబాబు తలూపేడు.

ఆమె మానేసింది. అతను మానలేదు.

"ఇద్దరం మానేస్తే పొయ్యిలో పిల్లి పడుకుంటుందే," అన్నాడు.

తాడుకి ఇద్దరు కావాలి. ఒకరు రాట్నం తిప్పాలి, ఒకరు పీచు వదులుతూ వెనక్కి నడవాలి. ఇన్నాళ్ళూ వంతులేసుకునేవారు. ఇప్పుడు రాట్నం ఆమెకి వదిలేసి, పీచంతా అతనే పట్టేడు. ఆదివారం కూడా.

ఒకనాడు రేషన్ మిషను కూసింది. "పడిందమ్మోయ్! ఇన్నాళ్ళకి నువ్వు నువ్వేనని ఒప్పుకుంది," అన్నాడు డీలరు. నూకాలమ్మ నవ్వుకుంటూ ఇంటికొచ్చింది.

"ఏమయ్యా, నాకు గీతలొచ్చేసినియ్యి. నువ్వూ ఆపెయ్యి. ఈ పీడ వదిలిపోద్ది."

అంజిబాబు బోరింగు దగ్గర గొంతుక్కూర్చుని ఇటుకముక్కతో చెయ్యి తోముకుంటున్నాడు. చెయ్యి కాదు, ఒక్క వేలు. కుడి బొటనవేలు.

"ఏంటది?"

"జిగురు."

"పీచుకి జిగురేంటి?"

అతను ఇంకా గట్టిగా తోమేడు. ఎర్రటి నీళ్ళు రాతి మీంచి జారేయి. ఇటుక రంగే. వరదకి పని ఆగినప్పుడు ఆ వేలే ఆమె మొహం ముందు పెట్టి, "చూడే, గీతలొచ్చేయి, దొరబాబు వేలు!" అని మురిసిపోయేడు.

"రేపు పెందలాడే లే," అన్నాడు అంజిబాబు. "బోలెడు పీచుంది."

తెల్లారి అతని కంటే ముందే లేచింది. గంజి కాచి మూతపెట్టి, గట్టు వెంట స్టేషనుకి నడిచింది.

"గడువింకా ఉందిగా అమ్మా?" అన్నాడు కానిస్టేబులు.

"మా ఆయన ఇంకా తాడు పేనుతున్నాడండీ," అంది నూకాలమ్మ. "మీరే వచ్చి ఆపండి."