నవ్వమంటే

గుంటూరు పక్క మిరపచేల మధ్య కాలువ నీళ్లు తాగి పెరిగినదాన్ని. టీచరు ఉద్యోగంలో బదిలీ చేసి నల్లమల కొండల కింద ఒక ఊళ్లో పడేశారు. అక్కడ మబ్బు కనిపిస్తుంది గానీ, వాన కొండకు అవతలే కురిసిపోతుంది. ఇక గతి బండరాయి తొలిచి తోడిన బోరు నీళ్లే. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్‌తో మా బడి పిల్లల పళ్ల నిండా గోధుమరంగు చారలు.

నా కూతురూ మా బడిలోనే చదువుతోంది. పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్నాయి. దానికి క్యాన్ నీళ్లు తప్ప పోసేదాన్ని కాదు. క్యాన్ల ఆటో ఆలస్యమైతే కాలు ఒకచోట నిలిచేది కాదు, అతన్ని ఫోన్లోనే దులిపేసేదాన్ని. రోజూ పొద్దున్నే పిల్లను వాకిట్లోకి లాక్కొచ్చి, "ఏదీ, 'ఈ...' అను" అని వెలుతురులో ఒక్కో పన్నూ చూసేదాన్ని.

మొన్న బడిలో గ్రూప్ ఫొటో తీశారు. నవ్వమంటే పిల్లలందరూ పెదవులు బిగించి నవ్వారు. వాళ్ల మధ్య నా కూతురూ అంతే.

పరుగున దాని దగ్గరికి వెళ్లాను. అక్కడే నోరు తెరిపించి చూశాను. పళ్లు తెల్లగానే ఉన్నాయి.

"మరి నోరు మూసుకుని నవ్వావేమే? నీకేం మాయరోగం?"

అది నన్ను వింతగా చూసింది.

"నవ్వడమంటే ఇలాగే కదమ్మా?"